ఆకుపచ్చ వైరున్న క్యాసెట్టు

పోయిన నెలలో ఒక రాత్రి ఫోనులో పాత వస్తువుల అమ్మకాలు చూస్తుంటే ఒక ఫొటో దగ్గర వేలు ఆగిపోయింది. పసుపు రంగు డొప్పలో వీడియో గేమ్ క్యాసెట్టు. కింద 'జపాన్ ఒరిజినల్, 1985, చాలా రేర్' అని రాసి, 4,200 రూపాయలు ధర పెట్టారు. కొనేవాళ్లకు నమ్మకం కుదరాలని కాబోలు, డొప్ప విప్పి లోపలి బోర్డును కూడా ఫొటో తీసి పెట్టారు. ఆ బోర్డు అంచున, బంగారు పిన్నుల పైభాగంలో, చిటికెనవేలి గోరంత ఆకుపచ్చ వైరు ఒకటి వంపు తిరిగి కనిపించింది.

ఆ వైరు వేసింది నేను. ఒంగోలు లాయరుపేటలో మా ఇంట్లో, వంటింటి పక్క గదిలో.

తెలిసినాయన ముచ్చటపడి అడిగితే ఊరికే ఇచ్చిన క్యాసెట్టు అది. ఎన్ని చేతులు మారి అక్కడికి చేరిందో. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మకానికి పెట్టినవాళ్ల మీద కోపం కొంతే. అంత అబద్ధం అంత తేలిగ్గా నిలబడేలా దాన్ని తయారుచేసింది నేనే కదా అన్న బాధ ఎక్కువ. జపాన్ క్యాసెట్టు ఫొటో చూసి లేబుల్ మక్కీకి మక్కీ అచ్చు వేయించాను. బోర్డు మీద ఊరు లేదు, తేదీ లేదు. చూసినవాళ్లు మురిసిపోవాలని పడిన శ్రమంతా ఎవరినో మోసం చేయడానికి పనికొచ్చింది.

అప్పటినుంచీ నాది ఒకటే మాట. ఇంట్లో క్యాసెట్టు చేసుకునేవాళ్లు ఎవరైనా సరే, అది ఇంట్లో చేసినదని దాని ఒంటి మీదే, చెరిపితే మచ్చ పడేట్టు రాయాలి. స్టిక్కరు మీద రాస్తే చాలదు.

ట్యాంకులాట

మా ఇంటికి సెట్టు, అంటే టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ పెట్టె, 1996 వేసవిలో వచ్చింది. నింటెండో 1983 జూలై 15న జపాన్‌లో విడుదల చేసిన ఫామికామ్‌కు అది నకలు. ఆ అసలు పెట్టెను మా వీధిలో చూసినవాళ్లు లేరు. అసలనేది ఒకటుందని తెలిసినవాళ్లూ లేరు. మాకు తెలిసిందల్లా సెట్టు, రెండు రిమోట్లు, అడాప్టరు, పసుపు రంగు క్యాసెట్టు.

అందులో అన్నయ్యకూ నాకూ ప్రాణం ట్యాంకులాట. నమ్కో కంపెనీ 1985లో తెచ్చిన బ్యాటిల్ సిటీ అని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అన్నయ్యది పసుపు ట్యాంకు, నాది ఆకుపచ్చ. వాడు పైకి దూసుకెళ్లి కాల్చేవాడు, నేను కింద, మేం కాపాడుకోవాల్సిన గద్ద బొమ్మ దగ్గర కాపలా. పార గుర్తు దొరికితే గద్ద చుట్టూ ఉన్న ఇటుకలు కాసేపు ఉక్కు గోడగా మారేవి. 35 స్టేజీలు. ఒకరి గుండు ఇంకొకరికి తగిలి ట్యాంకు కొయ్యబారిపోయినప్పుడు జరిగిన యుద్ధాలు తెర బయటే ఎక్కువ.

పోయినేడు మే నెలలో అన్నయ్య ఫోను చేసి, సంక్రాంతికి పిల్లలతో వస్తున్నా, ట్యాంకులాట ఉందిగా అని అడిగాడు. సెట్టు ఉంది, పనిచేస్తోంది. క్యాసెట్టు మాత్రం ఎన్నిసార్లు ఊది పెట్టినా బూడిద రంగు తెర తప్ప ఏమీ రాలేదు. విప్పి చూస్తే లోపల కాళ్లున్న చిప్పు లేదు. బోర్డు మధ్యలో నల్ల జిగురు బొట్టు. దాని కింద అసలు చిప్పు, వెంట్రుకకన్నా సన్నటి తీగలతో నేరుగా బోర్డుకు అతికి ఉంటుంది. మన ఊళ్లలో అమ్మిన క్యాసెట్లు చాలావాటిలో ఇదే. పాడైతే మార్చడానికి పట్టు దొరకదు.

అలా సొంతంగా క్యాసెట్టు చేయడం మొదలుపెట్టాను.

వంటింటి పక్క గదిలో ఎనిమిది నెలలు

ఈ పని చేసేదాకా నాకు క్యాసెట్టంటే ఆడియో క్యాసెట్టు లాంటిదే, లోపల ఆట ఉంటుంది, సెట్టు దాన్ని చదువుతుంది అనుకునేవాణ్ణి. అది తప్పు. స్విచ్చి వేయగానే సెట్టులోని ప్రాసెసర్ మొట్టమొదట చూసేది ఎఫ్ఎఫ్ఎఫ్‌సీ, ఎఫ్ఎఫ్ఎఫ్‌డీ అనే రెండు చిరునామాల్లో ఏముందని. ఆ రెండు గళ్లూ ఉండేది క్యాసెట్టు చిప్పులో. అక్కడ దొరికిన చోటికి గెంతి పని మొదలుపెడుతుంది. సెట్టుకు సొంతంగా ఉన్న మెమరీ 2 కిలోబైట్లు, తెర కోసం ఇంకో 2. ఇటుక ఎలా ఉండాలో, ట్యాంకు ఎలా తిరగాలో అన్నీ 60 పిన్నుల గుండా క్యాసెట్టు నుంచే రావాలి. క్యాసెట్టు గుచ్చితే గానీ ఆ యంత్రం పూర్తికాదు. ఇది తెలిసిన రోజున, పదేళ్ల వయసులో చేత్తో పట్టుకున్నదేమిటో మొదటిసారి అర్థమైనట్టు అనిపించింది.

ట్యాంకులాట చిన్నది. దాని ఫైలు 24,592 బైట్లు. ముందున్న 16 బైట్లు కంప్యూటర్‌లో ఆడేవాళ్ల కోసం తర్వాత చేర్చిన తలకట్టు, అవి కోసేయాలి. మిగిలినదాంట్లో 16,384 ఆట నడిపే ప్రోగ్రాం, 8,192 బొమ్మలు. రెండు చిప్పులు కావాలి. ప్రోగ్రాంకు నా దగ్గర ఉన్నది 32 కిలోబైట్లు పట్టే 27సీ256 అనే చిప్పు. ఆట అందులో సగమే కాబట్టి అదే ప్రోగ్రాంను పక్కపక్కన రెండుసార్లు రాశాను. ప్రాసెసర్ పైసగంలో వెతికినా కిందిసగంలో వెతికినా ఒకటే దొరుకుతుంది.

ఈ చిప్పుల నెత్తిన గుండ్రటి గాజు కిటికీ ఉంటుంది. దాని గుండా అల్ట్రావయొలెట్ వెలుగు పడితే రాసినది చెరిగిపోతుంది. ఆన్‌లైన్‌లో కొత్తవని తెప్పించిన ఐదు చిప్పుల్లో పాత రాతలు ఉన్నాయి. ఏ యంత్రంలోంచి పీకినవో. చెరిపే ల్యాంపు నా దగ్గర లేదు. చిప్పు వివరాలుండే డేటాషీటులో, ఎండలో పెడితే వారం పడుతుందని, ట్యూబ్‌లైటు వెలుగుకైతే మూడేళ్లని ఉంది. మే నెల ఒంగోలు ఎండకన్నా ఏం కావాలని, అమ్మ డాబా మీద వడియాలు ఎండబెట్టుకుంటుంటే అదే గుడ్డ మీద ఓ మూల ఐదు చిప్పులూ వరసగా పెట్టాను.

"ఏందిరా అబ్బయా ఇవి, కాకులెత్తుకుపోతే?" అంది.

చెప్పాను. కాసేపు ఆలోచించి, "అంటే పలక మాదిరే. తుడిచి మళ్లా రాసుకునేది" అంది. చిన్నప్పుడు మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన మనిషికి ఇంతకన్నా వివరం అక్కర్లేదు. రోజూ సాయంత్రం వడియాలతో పాటు వాటినీ జాగ్రత్తగా ఎత్తి లోపల పెట్టేది.

తొమ్మిదో రోజుకు ఐదింట్లో రెండు పూర్తిగా చెరిగాయి. మిగతా మూడింటికి చివరికి ల్యాంపు కొన్నాను, 20 నిమిషాల్లో అయిపోయింది.

ఆ చిప్పులే నాకు ఇంకో సంగతి నేర్పాయి. ఇలాంటి చిప్పుల్లో తయారీదారు సంకేతం లోపలే ఉంటుంది, చిప్పులోకి రాసే ప్రోగ్రామర్ అనే పరికరం దాన్ని చదువుతుంది. ఒక చిప్పు నెత్తిన ముద్రించిన పేరు ఒకటి, లోపలి సంకేతం చెప్పిన పేరు ఇంకొకటి. పైభాగం గీకి, రంగు పూసి, కొత్త పేరు అచ్చేశారు. ఎంత గీకినా లోపల ఉన్నదాన్ని గీకలేకపోయారు. అప్పటికి దాన్ని ఒక వింతగా చూసి వదిలేశాను. ఆకుపచ్చ వైరు ఫొటో చూసిన రాత్రి మళ్లీ గుర్తొచ్చింది.

బోర్డు విషయంలో పెద్ద తప్పు చేశాను. చాలాచోట్ల అడగకుండా వచ్చే బోర్డు మందం 1.6 మిల్లీమీటర్లు. క్యాసెట్టుకు 1.2 కావాలి. నేను గమనించకుండా ఆర్డరు పెట్టేశాను. వచ్చాక స్లాటులో బిగుతుగా దిగుతుంటే కొత్తది కాబట్టి అనుకుని నొక్కాను. రెండు మూడుసార్లు పెట్టి తీసేసరికి స్లాటు లోపలి రేకులు వెడల్పయి, అప్పటిదాకా చక్కగా ఆడిన పాత క్యాసెట్లు కూడా వదులైపోయాయి. ముప్పై ఏళ్లుగా నాన్న గుర్తుగా ఉన్న సెట్టు. ఆ రేకులను ఒక్కొక్కటే సూదితో ముందుకు వంచి సరిచేయడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఎవరైనా ఈ పని మొదలుపెడితే ముందు ఈ ఒక్క అంకె గోడ మీద రాసుకోమంటాను.

రెండోసారి సరైన మందంతో బోర్డులు వచ్చాయి. జనవరి 12 రాత్రి చిప్పులు సోల్డర్ చేసి, సెట్టులో పెట్టి స్విచ్చి వేశాను. తెర మీద ఇటుకలతో పేర్చిన పేరు పైకి వచ్చింది. నా చేతులు చల్లబడ్డాయి. ఆట మొదలైంది, ట్యాంకు కదిలింది. కానీ చప్పుడు లేదు. ఆ ఆటలో పాట ఎక్కువ ఉండదు, మొదట్లో చిన్న రాగం, తర్వాత అంతా ఇంజను మోతే. ఆ మోత లేకపోతే అది ఎవరో అద్దం వెనక ఆడుతున్నట్టుంది.

అర్ధరాత్రి దాటాక దొరికింది కారణం. ఫామికామ్‌లో శబ్దం సెట్టులో పుట్టి 45వ పిన్ను గుండా క్యాసెట్టులోకి వస్తుంది, 46 గుండా తిరిగి టీవీకి వెళుతుంది. కొన్ని క్యాసెట్లు మధ్యలో తమ సొంత శబ్దాన్ని కలుపుకోవడానికి ఆ ఏర్పాటు. కొనామీ కంపెనీ క్యాసెట్లలోని వీఆర్‌సీ6 చిప్పు అలాగే ఇంకో మూడు స్వరాలు కలిపేది. కలపడానికి ఏమీ లేని మామూలు క్యాసెట్టు ఆ రెండు పిన్నులనూ కలిపేస్తే చాలు. నేను గీసిన బోర్డులో ఆ గీత మర్చిపోయాను. పాత అడాప్టరు తీగ నుంచి ఆకుపచ్చ వైరు ముక్క కోసి, పిన్నుల పైఅంచున అంటించాను. స్విచ్చి వేస్తే మోత వచ్చింది. పక్కగదిలోంచి అమ్మ "వచ్చిందా?" అని కేకేసింది. నిద్రపోలేదన్నమాట.

పండక్కి అన్నయ్య, నేను 22వ స్టేజీ దాకా వెళ్లాం. అతని కూతురు నా ఆకుపచ్చ ట్యాంకు లాగేసుకుంది.

'అప్పుడన్నీ నకిలీవే కదా'

ఆ బోర్డులతోనే, అలాగే ఆకుపచ్చ వైరు అంటించి, ఇంకో నాలుగు చేసి తెలిసినవాళ్లకు ఇచ్చాను. అమ్మలేదు. ఇవ్వడం మాత్రం తప్పు కాదా అంటే, చట్టం ప్రకారం తప్పే. ఇది దాచి మిగతాది వాదించలేను. 1957 కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచనల కిందికి 1984 సవరణతోనే వచ్చింది. న్యాయంగా మన దగ్గరున్న ప్రోగ్రాంకు పాడైపోతుందన్న భయంతో ఒక నకలు తీసుకోవచ్చని 52వ సెక్షన్ చెబుతుంది. మా ఇంట్లో పాడైన క్యాసెట్టే నకిలీ అయితే నా నకలుకు ఆ నీడ దొరకదు. తర్వాత వాడిన ఒరిజినల్ ఒకటి జపాన్ నుంచి తెప్పించుకున్నాను. దాంతో నా ఒక్క క్యాసెట్టుకు కొంత సమాధానం చెప్పుకోగలనేమో. ఇచ్చేసిన నాలుగింటికి చెప్పుకోలేను. ఇక ఎవరికీ ఇవ్వను.

ఈ సంగతంతా ఒక స్నేహితుడితో చెబితే, "అసలు మనం ఆడినవన్నీ నకిలీవే కదరా, ఇప్పుడెందుకీ పట్టింపు?" అన్నాడు. వాడి మాటలో బలం ఉంది. బ్యాటిల్ సిటీని ఆ రోజుల్లో జపాన్ బయట కంపెనీ అమ్మనే లేదు. ట్యాంక్ 1990 లాంటి పేర్లతో మార్చిన నకళ్ల వల్లే మన దాకా వచ్చింది. నకిలీ క్యాసెట్టు లేకపోతే అన్నయ్యకూ నాకూ ఆ వేసవి లేదు. వాటిని చిన్నచూపు చూసే హక్కు నాకు లేదు, చూడను కూడా.

కానీ వాడు మర్చిపోయిందొకటి నేను మర్చిపోలేదు. ఐదో తరగతి సెలవుల్లో, ఊరెళ్లినప్పుడు చేతిలో పెట్టిన డబ్బులన్నీ కూడబెట్టి ట్రంకు రోడ్డులో '999999 ఇన్ 1' అని రాసున్న క్యాసెట్టు కొన్నాను. ఇంటికొచ్చి ఒక నోటుపుస్తకంలో ఆటల పేర్లు వరసగా రాయడం మొదలుపెట్టాను, ఏదీ తప్పిపోకూడదని. 8వ నంబరు దగ్గర 1వ ఆటే మళ్లీ వచ్చింది, రంగు మారి. 9 దగ్గర 2. నంబర్లు 40 దాకా రాశాక పెన్సిలు పక్కన పెట్టేశాను. నాన్న ఆ పుస్తకం చూసి ఏమీ అనలేదు, తల నిమిరి వెళ్లిపోయారు. ఆ ఏడు ఆటలూ మంచివే. నకలు కావడం వల్ల ఆ రోజు ఏడవలేదు నేను. అట్ట మీద రాసినది అబద్ధమైనందుకు ఏడ్చాను. ఏడు అని రాసున్నా కొనేవాణ్ణి.

బావమరిది వాదన వేరు. ఫోనులో పాత ఆటలు నడిపే ఎమ్యులేటర్ పెట్టుకుంటే పైసా ఖర్చు లేకుండా వస్తుంది, బోర్డులూ టంకమూ దేనికి బావా అంటాడు. ఆడుకోవడమే కావాలంటే అతని మాటే సరైనది, నేనూ బస్సులో అలాగే ఆడతాను. చేసి చూడటంలో తెలిసేది ఆడటంలో తెలియదు, అంతవరకే నా జవాబు. 40 కిలోబైట్లలో ఏం చేయొచ్చో చూపడానికి 2019లో మార్ఫ్‌క్యాట్ గేమ్స్ వాళ్లు మైక్రో మేజెస్ అనే కొత్త ఆట రాశారు, మొదటి సూపర్ మారియో పట్టినంత చోటులోనే. ఇలాంటివాళ్లు ఉన్నంతకాలం ఖాళీ బోర్డుకు పని ఉంటుంది. పాత ఆటలకు నకళ్లు తీయడం కన్నా అది నన్ను ఎక్కువ లాగుతోంది ఇప్పుడు.

ఎక్కడ రాయాలి

లేబుల్ మీద 'ఇది నకలు' అని రాస్తే సరిపోతుందనేది తేలికైన దారి. లేబుల్ ఊడదీయడానికి వేడినీళ్లు చాలు. డొప్ప మార్చడానికి ఒక స్క్రూ. బోర్డు మీద రాగితోనే అక్షరాలు రాయిస్తే, పైన ఆకుపచ్చ పూత వస్తుంది, గీకాలంటే పూతా పోవాలి రాగీ పోవాలి, మచ్చ దాగదు. ఆ మచ్చే చెబుతుంది. మోసం చేయదలచుకున్నవాళ్లు కొత్త బోర్డే చేయించుకుంటారు కదా అన్నారొకరు. చేయించుకోనివ్వండి. నా చేతి పని మాత్రం వాళ్లకు సాయపడకూడదు.

ఏం రాయాలన్నది ఇంకాస్త చిక్కు. నా పేరు వేసుకుంటే ఆట నాదని చెప్పుకున్నట్టవుతుంది. చివరికి ఇలా కుదిరింది: 'ఆట నమ్కోది, 1985. ఈ నకలు ఒంగోలులో ఒక ఇంట్లో చేసినది, 2025.' బోర్డు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడివిడిగా పడుతుంటే, అక్షరాలన్నీ బొమ్మగా మార్చి పెట్టాను. ఈసారి 45, 46 మధ్య గీత కూడా గీశాను. ఇక ఆకుపచ్చ వైరు అవసరం లేదు. ఆ వైరు ఒక పొరపాటు, ఆ పొరపాటు వల్లే నా క్యాసెట్టును నేను గుర్తుపట్టాను. తప్పు సరిదిద్దిన బోర్డులో ఆ గుర్తు పోయింది కాబట్టి గుర్తు కావాలని పెట్టక తప్పలేదు.

లేబుల్ మాత్రం అలాగే ఉంచాను. అన్నయ్యే పట్టుబట్టాడు. షెల్ఫులో పెడితే చిన్నప్పటిలాగే కనబడాలిరా, లోపల ఎన్ని రాసుకున్నా సరే అన్నాడు. నాకూ మనసొప్పలేదు ఆ బొమ్మ పాడుచేయడానికి.

ఇక ఆ 4,200 రూపాయల క్యాసెట్టు సంగతి. ఫొటో కింద, ఇది ఒరిజినల్ కాదు, చేసింది నేను అని రాశాను. పొద్దున్నకు ఆ పేజీయే లేదు. అప్పటికే అమ్ముడైపోయింది. మూడు రోజుల తర్వాత కావలి నుంచి ఒక కుర్రాడు మెసేజి పెట్టాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. అన్నా, అది కొన్నది నేనే, మీరు రాసింది చూశాను, నిజమేనా అని. విప్పి చూడమన్నాను. పది నిమిషాలకు వైరు ఫొటో పంపాడు. కాసేపు ఏమీ రాయలేదు. తర్వాత, ఆదివారం ఒంగోలు వస్తే ఒకసారి చూస్తారా అని అడిగాడు.

రైలు దిగి నేరుగా ఇంటికొచ్చాడు. సగం డబ్బులైనా తీసుకోమని నేను కవరు ఇవ్వబోతే పుచ్చుకోలేదు, అమ్మింది మీరు కాదుగా అన్నాడు. అమ్మ పెట్టిన చేపల పులుసు తిన్నాడు. ఇద్దరం రెండు గంటలు ఆడాం, ఆ క్యాసెట్టుతోనే. వాళ్ల నాన్న చిన్నప్పటి ఆటల గురించి చెబుతుంటాడని, ఆయన పుట్టినరోజుకు ఇవ్వాలని కొన్నాడట. ఒరిజినల్ అని ఇంటి నిండా చెప్పేశాడట.

బోర్డు కొత్తది వేసి ఇస్తానంటే వద్దన్నాడు, వైరు ఉండనీయండి అన్నాడు. దాంతో బోర్డు వెనక చెరగని మార్కరుతో, చోటు చాలినంత చిన్న అక్షరాల్లో రాశాను: ఆట ఎవరిది, నకలు ఎక్కడిది, ఏ నెలలో చేసినది. సిరా ఆరేదాకా ఇద్దరం ఊదాం. డొప్ప మూసి స్క్రూ బిగిస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బయట కూడా రాయండన్నా" అన్నాడు. "మా నాన్న విప్పి చూడడు."